ముప్పై మంచాలు, ముప్పై ఒక్కరు

సన్నజాజి మహిళా వసతిగృహం, కడప.

గౌరవనీయులైన వార్డెన్ కృపమణి గారి సముఖమునకు,

ఎం.ఎస్సీ. గణితం చదువుతున్న ప్రణీత నమస్కరించి వ్రాయునది. మన వసతిగృహంలో మంచాలు ముప్పై, విద్యార్థినులు ముప్పై ఒక్కరు. తేళ్ల కారణంగా నేలమీద పడుకోవడాన్ని తమరే నిషేధించారు. గూళ్లకంటే పావురాలు ఎక్కువైతే ఏదో ఒక గూటిలో కనీసం రెండు ఉండక తప్పదని డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌లో పావురాల గూళ్ల సూత్రం. కావున ఏదో ఒక మంచంమీద కనీసం ఇద్దరు పడుకుంటున్నారు. ఈ పేపరు నేను ఒకసారి తప్పాను. సోమవారం మళ్లీ పరీక్ష; ఈసారి తప్పితే సీటు పోతుంది. చదివింది తలలో నిలవాలంటే నిద్ర కావాలి. మరొక మంచం మంజూరు చేయ ప్రార్థన.

ఇట్లు,
విధేయురాలు ప్రణీత

తా.క.: మంచంమీద ఇద్దరున్నప్పుడు ఒకరు పక్కకు తిరిగితే రెండోవారూ తిరగవలసి ఉంటుంది. ఇది సూత్రం కాదు, విన్నమాట.

*

విద్యార్థిని ప్రణీతకు,

మీ ఫిర్యాదులో ఆ ఇద్దరి పేర్లు లేవు. ఒకే మంచం పంచుకున్న ఇద్దరినీ వసతిగృహం నుంచి పంపివేయవలెనని నిబంధన. పేర్లు లేని ఫిర్యాదు ముప్పై ఒక్క మందిపైనా ఫిర్యాదుగా పరిగణించబడును. వెంటనే పేర్లు సమర్పించవలెను.

ఇట్లు,
కృపమణి, వార్డెన్

తా.క.: పావురాల విషయమై మేడపైన విడిగా తనిఖీ చేయించాము. ఒక్కటీ దొరకలేదు.

*

గౌరవనీయులైన వార్డెన్ గారికి,

సూత్రం ఇద్దరున్నారని మాత్రమే రుజువు చేస్తుంది, ఎవరన్నది చెప్పదు. ఇటువంటి రుజువులకు గణితంలో ఎంతో గౌరవం. ఒకటి ఉన్నదని తేల్చి, అది ఎక్కడున్నదో చెప్పకుండానే పుస్తకం తరువాతి అధ్యాయానికి వెళ్లిపోతుంది. ఆ వెసులుబాటు నాకూ కల్పించగలరు. మంచం ఇస్తే ఆ ఇద్దరు వాళ్లంతట వాళ్లే లేకుండా పోతారు.

ఇట్లు,
ఆవలిస్తూ, ప్రణీత

తా.క.: మా గదిలో ఉండే, డోన్ ఊరి అమ్మాయి రమణి ఈ ఉత్తరం చూసి, "ఏమే, లెక్క చేస్తాండావా, మనుషుల్ని ఇంటికి పంపుతాండావా? రోంత జరిగి పండుకో" అన్నది. ఎవరిని జరగమన్నదో సూత్రం చెప్పదు.

*

విద్యార్థిని ప్రణీతకు,

విచారణ కమిటీ నియమించబడినది. "నా మంచంమీద నేనొక్కదాన్నే పడుకుంటున్నాను" అని మీతో సహా ముప్పై ఒక్క మందీ రాసి సంతకం చేశారు. మనిషికొక మంచం చొప్పున ముప్పై ఒక్క మంచాలు ఉండక తప్పదని కమిటీ మీ పద్ధతిలోనే నిర్ధారించినది. లెక్కించగా ముప్పై కనిపించినవి. కావున ఒక మంచం చోరీ అయినది. లోటు సంగతి అందరికంటే ముందు తెలిసినవారు మీరు. ఆదివారంలోగా మంచం అప్పగించనిచో హాల్ టికెట్ నిలిపివేయబడును. మీ తండ్రిగారికి తెలియజేయడమైనది.

ఇట్లు,
కృపమణి, వార్డెన్

తా.క.: మంచం ఎక్కడో ఒకచోట ఉన్నదని రుజువు చేసినంత మాత్రాన అప్పగించినట్లు కాదు.

*

గౌరవనీయులైన వార్డెన్ గారికి,

కోడుమూరులో మగ్గం నేసే మా నాన్న నాగప్ప ఫోన్ చేశారు. "ఏందమ్మా, సదువుకోను పంపితే మంచం ఎత్తుకపోయినావంట? పుస్తకమంటే నమ్ముదును. అంత మంచాన్ని యాడ దాపెట్టినావు?" అన్నారు. అంతా వివరించాను. ఆయన అంతా విని, "అంటే మంచం లేదు, దొంగతనం మాత్రం ఉండాది" అన్నారు. నా హాల్ టికెట్ కోసం ఇంట్లో తాను పడుకునే నులక మంచాన్ని లారీమీద వేసి పంపారు. పోయిన మంచం ఇదేనని స్వీకరించగలరు.

ఇట్లు,
నిందితురాలు ప్రణీత

తా.క.: ఇనుప మంచం నులక మంచం ఎట్లా అయిందని కమిటీ అడగవచ్చు. గణితంలో శూన్య సమితిలోని, అంటే అసలు లేని, వస్తువుల గురించి ఏమి చెప్పినా నిజమే. లేని మంచాలన్నీ నులక మంచాలే.

*

విద్యార్థిని ప్రణీతకు,

హాల్ టికెట్ జతపరచడమైనది. అది ఎన్నడూ నిలపలేదు. కొరత ఉన్నదని నేను పెట్టిన అర్జీలన్నీ పైనుంచి తిరిగి వచ్చినవి. చోరీ అయిన మంచానికి మాత్రం బదులు మంచం ఇస్తారట. చోరీకి నిందితురాలు కావలెను గనుక మీ పేరు వాడుకొన్నాను. ఇంతలో మీ నాన్నగారు నిజాయితీగా మంచం పంపి నా కేసును పాడుచేశారు. బదులు మంచం వచ్చేవరకు ఈ నులక మంచం ఎవరి కంటా పడరాదు. దీనిని సామాన్ల గదిలో ఉంచాము; అక్కడ ఫ్యానున్నది. దుప్పటి పరచి, దానిపై మీరొక్కరే పడుకొని, మంచం కనపడకుండా కప్పి ఉంచవలసినదిగా ఆదేశించడమైనది. బదులుగా వచ్చినది మీకు ఇచ్చి, మీ నాన్నగారి మంచం ఆయనకు పంపగలము.

ఇట్లు,
కృపమణి, వార్డెన్ (కమిటీ అధ్యక్షురాలు, ఏకైక సభ్యురాలు)

తా.క.: మీ మొదటి ఉత్తరం అందిన మరునాటి పొద్దున్నే కిటికీలోంచి చూసినాను. రమణి మోచేయి నీ గొంతుమీద ఉండాది. పేర్లు అడిగింది, నువ్వు చెప్పవని తెలుసుకునేదానికే. ఇంక పోయి పండుకోమ్మా.