వాకిలి మీది నాపరాళ్ళు

సైదాబీ, గోంగూర ఉడకబెట్టి ఉంచా, రోట్లో నూరుకో. నా థైరాయిడ్ పరీక్షకి మీ మామా నేనూ గుంటూరు బస్సెక్కుతున్నాం. పొద్దుగూకేసరికి వస్తాం.

ముట్లు ఆగినకాడ్నుంచీ నా ఎముకలు గుల్లబారాయంట, ఒంట్లో డి విటమిన్ లేదంట. రోజూ కాసేపు ఎండలో కూర్చోమంది డాక్టరమ్మ. మన మాచర్లలో ఎండకేం కరువు? పక్కింటోళ్ళు మేడ కట్టారు, మన ఆడోళ్ళం వాళ్ళ కంటబడతామని మీ మామ వాకిలి మీద ఆకాశం కనపడకుండా నాపరాళ్ళు కప్పించాడు గదా! రెండు రాళ్ళు తీయించమంటే మూడు రోజులు నాతో మాట్లాడలా. ఇరవై ఏళ్ళకే నువ్వూ ఆ రాళ్ళ కిందే తిరుగుతున్నావు. మీ ఆయన్ని అడుగు, నాలాగా ఊరుకోబాక.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటా. బురఖాలోంచి ఒక చెయ్యన్నా ఎండలో పెడతా.