రిమార్కుల గడి

నా మనవరాలికి నాయనమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఈ వాక్యం అన్ని ఉత్తరాల్లోనూ నిజం కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అది కనబడకపోతే నువ్వు కంగారుపడి ఫోను చేస్తావు. ఫోనులో మాట్లాడితే పక్కగదిలో మీ అమ్మ వింటుంది. ఇందులో కొన్ని సంగతులు ఆమెకు తెలిసినవే అయినా, నేను చెప్పే తీరు ఆమె వినకూడదు. అందుకని ఉత్తరమే.

కిందటి ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. మోకాలు ఎలా ఉంది, అమ్మతో గొడవలు తగ్గాయా, ఓటు వెయ్యడానికి ల్యాబులో సెలవు పెట్టి రావాలా, అమ్మ పనిచేసే లాండ్రీలో అర్జీ సంగతి యజమానికి మోసింది ఎవరు. సులువైన ప్రశ్నలకి ముందు జవాబు రాయమని పిల్లలకి ఏళ్ల తరబడి చెప్పినదాన్ని, అలాగే రాస్తాను.

మోకాలు మెట్లెక్కేటప్పుడు గుర్తు చేస్తుంది, దిగేటప్పుడు ఉపన్యాసం ఇస్తుంది. మీ అమ్మతో గొడవలు తగ్గాయి. తగ్గడమే నాకు నచ్చలేదు. పోట్లాడే ఓపిక కూడా మిగలకుండా ఇంటికొస్తోంది. మీ నాన్న మా ఇద్దరి మధ్యా పేపరు అడ్డం పెట్టుకుని, చదివిన పేజీనే చదువుతున్నాడు.

ఇక మిగతా రెండూ. వాటికి మెత్తనయ్య దగ్గర మొదలుపెట్టాలి.

మా వార్డు మెంబరుకి ఈ వీధి పెట్టిన పేరది. గొంతు మెత్తన, నడక మెత్తన. వచ్చి కుర్చీలో కూర్చున్నాక గానీ ఇంట్లోకి వచ్చాడని తెలియదు. రెండు నెలల కిందట అలాగే వచ్చి కూర్చుని, నా పుస్తకాల బీరువా వైపు గౌరవంగా చూశాడు. పుస్తకాల పేర్లు చదవకుండా గౌరవించేవాళ్లంటే నాకు ముందే అనుమానం.

మునిసిపాలిటీ పాత రీడింగ్ రూములో ఒక 'పంచే గది' తెరుస్తున్నాననీ, ఉన్నవాళ్లు తెచ్చి పెడితే లేనివాళ్లు పట్టుకెళతారనీ చెప్పాడు. మంచిదే అన్నాను. అక్కడితో ఆగలేదు. అభిప్రాయాలున్న మనిషి.

"సాయమంటే మనసులోంచి రావాలి టీచరుగారూ. హక్కు హక్కు అంటే మనసు మూసుకుపోతుంది. ఉదాహరణకి లాండ్రీలో ఆడవాళ్లు స్టూళ్లు కావాలని అంటున్నారట. యజమాని తనంతట తాను వేయించిన స్టూలు మీద కూర్చుంటే ఎంత హాయి? కొట్లాడి తెచ్చుకున్న స్టూలు మీద ఏం హాయి ఉంటుంది?"

"నడుముకి ఆ తేడా తెలియదండీ," అన్నాను.

మెత్తగా నవ్వాడు. "ఓటూ అంతే. నాకు వెయ్యండని ఎవర్నీ అడగను. కృతజ్ఞత ఉన్నవాళ్లని అడగక్కర్లేదు, లేనివాళ్లని అడిగి లాభం లేదు."

అడగనని చెబుతూనే ఇంత చక్కగా అడిగిన మనిషిని నేను చూడలేదు. వెళుతూ వెళుతూ గుమ్మంలో అసలు సంగతి బయటపెట్టాడు. పంచే గదిలో శనివారం శనివారం రిజిస్టరు రాయడానికి మంచి దస్తూరి ఉన్నవాళ్లు కావాలట. ఈ వార్డులో నా దస్తూరికి సాటి లేదని అందరూ అంటున్నారట.

ఒప్పుకున్నాను. దగ్గర కూర్చుంటే వాడేం చేస్తున్నాడో కనిపెట్టవచ్చని నాకు నేను చెప్పుకున్నాను, నీకూ ఫోనులో అదే చెప్పాను. "నాయనమ్మా, నీకు అనుమానం లేనివాళ్ల పట్టిక రాసివ్వు, అది చిన్నది" అని నువ్వు నవ్వావు. నిజం చెప్పాలంటే, దస్తూరి మాట విన్నప్పుడు అనుమానం కాస్త పక్కకి జరిగి కూర్చుంది.

గది బాగానే ఉండేది. గోడ బీరువాల్లో దుప్పట్లు, కోట్లు, గిన్నెలు, ఒక మూల సరుకుల డబ్బాలు. దుప్పట్లన్నీ లాండ్రీ యజమాని ఇచ్చినవి. కిటికీ దగ్గర నా బల్ల. రిజిస్టరులో అయిదు గడులు: పేరు, ఇల్లు, పనిచేసే చోటు, ఓటరు నంబరు, రిమార్కులు. తీసుకునేవాళ్లకీ, ఇచ్చేవాళ్లకీ అదే పుస్తకం.

"దుప్పటి కప్పుకోవడానికి ఓటరు నంబరు దేనికండీ?" అని మొదటిరోజే అడిగాను.

"ఒకే మనిషి రెండుసార్లు పట్టుకెళ్లకుండా టీచరుగారూ."

"రెండు దుప్పట్లు కావలసినంత చలి వేస్తే?"

మళ్లీ నవ్వాడు. జవాబు లేనప్పుడు ఆయనకి నవ్వొస్తుంది. నేను ఆ నాలుగో గడినే కనిపెట్టుకుని కూర్చున్నాను. మోసమంటూ ఉంటే అందులోనే ఉంటుందనుకున్నాను. అయిదో గడి వైపు నా చూపు పోలేదు, ఎందుకంటే ఆ గడి నింపుతున్నది నేను.

లాండ్రీ సంగతి నీకు కొంత తెలుసు, అయినా వరసగా చెబుతాను. ఆసుపత్రి పక్కబట్టలు మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడిచి, కొసలు కలిపి, మళ్లీ వెనక్కి నడవాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే నడక. పదకొండేళ్లుగా మీ అమ్మకి ఎదురుగా నిలబడింది ఒకే మనిషి. నువ్వు చిన్నప్పటినుంచీ ఎరిగిన ఆవిడే, మీ అమ్మ 'మా ఎదురావిడ' అని పిలిచే మనిషి. కూర్చోడానికి స్టూళ్లు, మధ్యాహ్నం అరగంట విశ్రాంతి కావాలని మీ అమ్మ అర్జీ రాసింది. మన వంటింట్లో, నా కలంతో. స్టూళ్ల మాట అందరూ అనుకునేదే అయినా, అర్జీ సంగతి మాత్రం సంతకాలు పూర్తయ్యేదాకా యజమానికి తెలియకూడదనుకున్నారు. సగం సంతకాలైనా కాకుండానే యజమాని మీ అమ్మని పిలిపించాడు. అర్జీ లాక్కుని, మర్నాటినుంచి నానబెట్టే గదిలో వేశాడు. మరకల దుప్పట్లు, మందునీళ్లు. మీ అమ్మ చేతులు చూస్తే నువ్వు వెంటనే రైలెక్కుతావు, అందుకే వాటి గురించి ఇంతకంటే రాయను.

ఎవరు చెప్పారు? అందరి చూపూ ఎదురావిడ మీద పడింది. వాళ్లమ్మకి పంచే గది నుంచి చక్రాల కుర్చీ దొరికింది గదా, ఊరికే దొరుకుతుందా అన్నారు. మీ అమ్మ కూడా అంది. అప్పటినుంచి ఆవిడకి ఎదురుగా ఎవరూ నిలబడలేదు. దుప్పటి ఒక కొస గోడమేకుకి తగిలించి, రెండో కొస తను పట్టుకుని, ఒక్కత్తే మడతపెడుతోందట. ఈ మాట చెప్పినప్పుడు మీ అమ్మ గొంతులో గెలుపు లేదు.

ఇక నాలుగో ప్రశ్న. ఇంతసేపూ దాని చుట్టూ తిరిగాను, నువ్వు గమనించే ఉంటావు.

యజమాని పిలిపించిన రోజు భోజనాల దగ్గర మీ అమ్మ అంది: "విచిత్రంగా మాట్లాడాడు అత్తయ్యా. 'వాక్యం బాగా రాస్తావట, నీ మాట నలుగురూ వింటారట' అన్నాడు. సంతకం పెట్టడానికే బద్ధకించేవాడు, వాక్యం గురించి వాడికెందుకు?"

నేను నోట్లో ముద్ద నములుతూనే ఉన్నాను. ఆ వాక్యం నాది.

నీ చిన్నప్పుడు నా పక్కన కూర్చుని చూసేదానివి, ప్రోగ్రెస్ కార్డుల్లో ఖాళీ గడి ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు. చురుకైనది, ఎదురు ప్రశ్నలు వేస్తుంది, పక్కవాళ్లని మాట్లాడిస్తుంది, ఇలా ఏదో ఒకటి రాసి తీరేదాన్ని. పంచే గదిలోనూ అంతే. రిమార్కులంటే 'దుప్పటి ఒకటి' అని రాయాలి కాబోలు. నేను మనుషుల్ని రాశాను. నీ పాత కోట్లు ఇవ్వడానికి మీ అమ్మ వచ్చిన శనివారం, ఆమె వరసలో ఇలా రాశాను: 'స్టూళ్ల కోసం అర్జీ స్వయంగా రాసింది. వాక్యనిర్మాణం బాగుంది. నిదానస్తురాలు. ఈమె మాట నలుగురూ వింటారు.'

ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పటినుంచి ఆమె ముఖాన ఒక్క మంచిమాట అనని దాన్ని. మెత్తనయ్య చదువుతాడని తెలిసి, మా ఇంట్లోనూ రాయగలవాళ్లున్నారని వాడికి తెలియాలని రాశాను. వాణ్ణి కనిపెడదామని వెళ్లి, వాడికి నా కళ్లు అరువిచ్చాను.

తరువాతి శనివారం వెళ్లి రిజిస్టరు తిరగేశాను. కొన్ని వరసల పక్కన పెన్సిలు టిక్కులు. అన్నీ లాండ్రీవాళ్లవే, అన్నీ నేను మెచ్చుకున్నవాళ్లవే.

"మెంబరుగారూ, ఈ పుస్తకం ఎవరికైనా చూపించారా?"

"దాచేదేముందండీ? దుప్పట్లు ఇచ్చిన దాత చూస్తానన్నారు. తన దుప్పటి ఎవరికి చేరిందో తెలుసుకునే హక్కు దాతకి ఉంటుంది కదా."

"హక్కు అనే మాట మీ నోట ఇప్పుడే విన్నాను," అన్నాను.

"మీరు భలే మాట్లాడతారు టీచరుగారూ," అన్నాడు, చాలా మెత్తగా.

పుస్తకం మూసి ఇంటికొచ్చేశాను. వచ్చి ఎవరికీ చెప్పలేదు. ఇది కాస్త నిదానంగా చదువు. మొత్తం పదిహేను రోజులు చెప్పలేదు. ఎదురావిడ గోడమేకుతో దుప్పట్లు మడతపెడుతున్న ఆ పదిహేను రోజులూ, ఎవరు చెప్పి ఉంటారని మీ అమ్మ అడిగినప్పుడల్లా, "మనుషుల్ని నమ్మలేం" అని జవాబిచ్చాను. అది అబద్ధం కాదు గానీ, అంతకంటే నీచమైన నిజం ఇంకొకటి ఉండదు.

నిన్న పొద్దున మీ అమ్మ చేతులకి మందు రాస్తుంటే నా వల్ల కాలేదు. చెప్పేశాను. రాసిన నాలుగు వాక్యాలూ అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. మీ అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"ఇన్నేళ్లకి నా గురించి నాలుగు మంచిమాటలు రాశారు. అవీ వాడి పుస్తకంలోనా అత్తయ్యా?"

నాకు జవాబు లేదు. నవ్వూ రాలేదు.

"నాతో చెబితే సరిపోదు," అంది లేస్తూ. "నేను కూడా మా ఎదురావిడని అనరాని మాటలన్నాను. సాయంత్రం గేటు దగ్గరికి రండి. దాని ముందు చెప్పండి, అందరూ ఉండగా."

వెళ్లాను. లాండ్రీ గేటు ముందు ఒక్క మెట్టు కూడా లేదు, అయినా మోకాలు ఉపన్యాసం మొదలుపెట్టింది. పని వదిలాక అందరూ బయటికొచ్చారు. సగంమంది నా దగ్గర చదువుకున్నవాళ్లే, నన్ను చూడగానే వరసగా నిలబడ్డారు. అదొక శిక్ష. ఎదురావిడ చివరగా, ఒక్కత్తే వచ్చింది. చెప్పాను. క్లాసులో పాఠం చెప్పినట్టు గట్టిగా, ఏదీ తగ్గించకుండా. చెప్పడం అయ్యాక ఇస్త్రీ చేసే పొడుగాటావిడ, "మెత్తనయ్య మనందర్నీ టీచరమ్మ చేత తూకం వేయించాడన్న మాట," అంది.

ఎదురావిడ నా దగ్గరికొచ్చింది.

"నా పేరు పక్కన ఏం రాశారు టీచరమ్మగారూ?"

"తక్కువ మాట్లాడుతుంది, నమ్మదగిన మనిషి అని."

"అలాగని మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసీ పదిహేను రోజులు ఊరుకున్నారు."

అవునన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ సంచీలోంచి కాగితం, పెన్ను తీసింది. "నోటిమాట రేపటికి మారిపోతుంది. ఇప్పుడు చెప్పిందంతా రాసి కింద సంతకం పెట్టండి. గేటుకి అంటిస్తాను. మెంబరుగారు వచ్చినప్పుడు ఆయన కూడా చదువుకుంటారు." మీ అమ్మ వంగి వీపు చూపించింది. ఆ వీపు మీద కాగితం పెట్టి రాశాను. రిజిస్టరు సంగతి, ఓటరు నంబర్ల సంగతి, పెన్సిలు టిక్కులు, నా పదిహేను రోజులు. దస్తూరి అంత బాగా రాలేదు.

ఇవాళ మడతబల్ల దగ్గర పొడుగాటావిడ వెళ్లి ఎదురావిడ రెండో కొస పట్టుకుందట. మీ అమ్మ ఇంకా నానబెట్టే గదిలోనే ఉంది. అర్జీ మళ్లీ రాస్తున్నారు. ఈసారి మన వంటింట్లో కాదు, ఎక్కడో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. గేటు మీది కాగితం చదివాడు కాబోలు, మెత్తనయ్య మధ్యాహ్నం వచ్చి, నా ఆరోగ్యం బాగాలేదని విన్నాననీ, పెద్దవయసులో మనసు స్థిమితంగా ఉండదనీ మీ నాన్నతో అన్నాడు. మీ నాన్న పేపరు దించి, "మా అమ్మ మనసు మీకంటే స్థిమితంగానే ఉంది, వెళ్లిరండి" అన్నాడట. ఈ మాట నీకు నమ్మబుద్ధి కాదు, నాకూ కాలేదు.

మూడో ప్రశ్న మిగిలింది. సెలవు పెట్టి రా. రైలు దిగి నేరుగా వెళ్లి ఓటు వేసి, తరవాత ఇంటికి రా. దారిలో ఎవరైనా ఓటరు నంబరు అడిగితే చెప్పకు. ఎవరికి వెయ్యాలో నేను చెప్పను, అది నీ ఇష్టం. ఎవరికి వేశావో మాత్రం నాకు కూడా చెప్పకు.

ఇట్లు,
ఈసారికి ఏమీ దాచుకోని
నీ నాయనమ్మ