దీక్షా శిబిరంలో ఒక చోటు

సిరిసిల్ల,
అక్టోబరు 2011

గౌరవనీయులైన హరిప్రసాద్ బావకు,

మొన్న ఉద్యమం తరఫున రోడ్డు మీద చేసిన వంటావార్పులో మీరిచ్చిన విస్తరి అందుకోకుండా వెళ్లిపోయాను. "ఏం బామ్మర్దీ, తెలంగాణ బువ్వ నీకు సయిస్తలేదా?" అని మీరంటే అందరూ నవ్వారు.

పోయినేడు ఆపరేషన్‌లో నా పెద్దపేగు తీసివేసి, చిన్నపేగునే సంచిలా కుట్టిన సంగతి మీకు తెలుసు. ఆ సంచి తరచూ వాస్తుందని మాత్రం అక్కకు కూడా చెప్పలేదు. తిన్న కాసేపటికే కడుపు మెలిపెడుతుంది. మరుగుదొడ్డికి పరుగెత్తినా ఒక్కొక్కసారి బట్టలు పాడవుతాయి. అందువల్లనే పెళ్లిళ్లకు, మగ్గాల షెడ్డు దగ్గరి ముచ్చట్లకు రావడం మానుకున్నాను. ఉద్యమం గిట్టక కాదు.

తినని పూట కొంత నెమ్మదిగా ఉంటుంది. కనుక రిలే నిరాహార దీక్షలో నా పేరు రాయించండి. ఆ రోజు సాయంత్రం దాకా అందరి నడుమ కూర్చోగలను.

మీ బామ్మర్ది