మా బూతుకో దొర కావాలి

బిర్సానగర్, జంషెడ్‌పూర్
8–12–79

చిరంజీవి బావమరిది సన్యాసిరావును ఆశీర్వదించి తవిటయ్య వ్రాయునది.

సకల జనులకూ ఇందుమూలంగా ప్రకటించడమేమనగా, నేటి నుంచి మా ఇంట రెండో కప్పు టీ రద్దు. ఉత్తర్వు మీ అక్క పైడితల్లిది. అప్పీలు లేదు.

ఇక అసలు సంగతి. మూడేళ్లు తిరక్కుండానే మళ్లీ ఎలక్షన్లు. లైన్లో నిలబడడానికే నాకు ఓపిక లేదు, పోటీకి నిలబడడానికి వాళ్లకి ఎక్కడిదో. పోయినసారి మీ అమ్మ సింహాచలమ్మత్త ఉతికిన చీర కట్టుకుని బూతుకు వెళ్తే, "నీ ఓటు పడిపోనాది, ఎల్లిపో" అని వరహాలు గుమ్మంలోనే తిప్పి పంపాడు. వాడు మనవాడే, జుగ్సలాయి గోడౌన్లో మేస్త్రీ. ఎలక్షన్ నాడు మాత్రం బస్తీలో అందరి వేళ్లూ వాడివే. అత్త ఇంటికొచ్చి గోడకేసి తిరిగి ఏడ్చింది. ఈసారి ఆవిడ ఓటు ఆవిడే వెయ్యాలి.

పై దేశం వాళ్లు వచ్చి కూర్చుంటే దొంగ ఓట్లు పడవని టీ కొట్టులో ఎవరో అన్నారు. నువ్వు ఎంబసీ దొరగారింట తోటమాలివి కదా. ఒక ఫారన్‌మన్‌ను పంపించు.

ఇట్లు, నీ బావ తవిటయ్య

తా.క.: జీతం ఇవ్వలేం. చేపల పులుసు పెడతాం.

ఢిల్లీ
14–12–79

పూజ్యులైన బావగారికి సన్యాసిరావు నమస్కారాలు.

ఫోర్‌మన్ కావాలంటే ఢిల్లీ దాకా ఎందుకు బావా? అక్కడ షిఫ్టు దిగే వేళ ఒక్క రాయి విసిరితే ఇద్దరు ఫోర్‌మన్లకు తగులుతుంది. అగ్రికో కాలనీలో అడుగు. అయినా ఫోర్‌మన్ చూస్తుంటే చెయ్యే ఆడదని నువ్వే అనేవాడివి. ఇక ఓటేం వేస్తారు?

అమ్మ ఏడ్చిందన్న మాటకు మాత్రం నాకు అన్నం దిగలేదు.

ఇట్లు, సన్యాసిరావు

తా.క.: ఇక్కడి చలికి నా మీసం ఒక్కటే దుప్పటి బయట ఉంది.

బిర్సానగర్
19–12–79

చిరంజీవి సన్యాసిరావుకు,

ఫోర్‌మన్ కాదురా, ఫారిన్ మనిషి. తెల్లవాడు. అబ్జర్వర్ అంటారట. బూతు ఎదురుగా కూర్చుని అబ్జర్వ్ చెయ్యడమే పని. నోరు ఎత్తక్కర్లేదు, చెయ్యి కదపక్కర్లేదు. అలాంటి ఉద్యోగం నాకు ఎవరూ ఇవ్వలేదు. నీ దొరనే అడుగు.

విసిగిపోయిన నీ బావ

తా.క.: దొర వస్తున్నాడని బస్తీలో చెప్పేశాను. వరహాలు పెళ్లాం సూరమ్మ వచ్చి, "దొరగోరు మిరపకాయ్ తింతారేటి?" అని అడిగిపోయింది.

ఢిల్లీ
27–12–79

బావగారికి నమస్కారాలు.

అడిగాను. నా ఇంగ్లీషు నీకు తెలుసు. "జంషెడ్‌పూర్, అబ్జర్వ్" అన్నాను, అంతే. దొర లోపలికి పరుగెత్తి దుర్బీను తెచ్చారు. ఆయనకు పిట్టల్ని చూడడం పిచ్చి. మీ డిమ్నా చెరువులో చలికాలం బాతులు దిగుతాయట కదా. ఎలక్షన్ అని చెప్పబోతే, అది ఏ జాతి పిట్ట అని అడిగారు. "బిగ్ సార్. ఫైవ్ ఇయర్, వన్ టైమ్ కమింగ్" అన్నాను. రాసుకున్నారు. టికెట్టు కూడా కొన్నారు.

ఇట్లు, సన్యాసిరావు

తా.క.: ఉత్తరం పోస్టు డబ్బాలో వెయ్యబోతూ మళ్లీ విప్పాను. దొరకు గవదబిళ్లలు. టికెట్టు రద్దు. అమ్మకు ఎలా చెబుతావో.

బిర్సానగర్
10–1–80

చిరంజీవి సన్యాసిరావుకు,

నీ ఉత్తరం పోలింగు ముందురోజు అందింది. దొర రాడని ఎవరికీ చెప్పలేదు. చెప్పే ఓపిక లేదు. మర్నాడు పొద్దున్నే వరహాలు బూతు దగ్గర దిగాడు.

"ఏటి బావా, దొరేడీ? ఎక్కడా అగుపడ్డే."

"అగుపడితే అబ్జర్వరెలాగవుతాడ్రా? అగుపడకండా సూడ్డమే ఆడి డూటీ. దుర్బీన్లో నీ సేతి ఏళ్లు లెక్కెడతన్నాడు."

వరహాలు బూతు ఎదురుగా ఉన్న నీళ్ల టాంకీ పైకి చూశాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. సాయంత్రం దాకా తియ్యలేదు. బీడీ కూడా సూరమ్మే ముట్టించి నోట్లో పెట్టింది. బస్తీ అంతా ఒద్దికగా లైను కట్టి, టాంకీకి ఒక దండం పెట్టి మరీ లోపలికి వెళ్లింది.

నేనూ వేశాను. స్నానం చేసేటప్పుడు సిరా చుక్క ఉన్న వేలు పైకెత్తి నీళ్లు పోసుకుంటున్నాను.

ఇట్లు, నీ బావ తవిటయ్య

తా.క.: అమ్మ వేసిందా అని అడుగుతావు. వెయ్యలేదు. "నానెందుకు బాబూ, కాళ్లు నొప్పి" అని మంచం దిగలేదు. ఆవిడ ఏ ఎలక్షన్‌కూ గుమ్మం దాటలేదురా. పోయినసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి తిరిగొచ్చింది నేను. గోడకేసి తిరిగిందీ నేనే. నా పేరు రాస్తే నవ్వుతావని ఉత్తరంలో మీ అమ్మను ఏడిపించాను.