ఇంటాయన పేరు

హైదరాబాద్,
ఆగస్టు 18

ప్రియమైన వసంతక్కకు, చెల్లె సుజాత నమస్కారాలు.

రోజంతా చెవికి ఫోనే. గదికి వచ్చాక దాన్ని ముట్టబుద్ధి కాదు. అందుకే మళ్లీ ఉత్తరం.

నూటెనిమిది అంబులెన్సు ఆఫీసులో ఫోన్లు ఎత్తబట్టి మూడేళ్లు. మొన్న మధ్యాహ్నం మీ గూడూరు పక్క తండా నుంచి ఒకామె చేసింది. భర్త పత్తికి మందు కొట్టి వచ్చి వాకిట్లో పడిపోయాడట. చొక్కా విప్పించాను, ఒళ్లు కడిగించాను, పక్కకు తిప్పి పడుకోబెట్టించాను. చెప్పినవన్నీ చేసింది. "ఇంటాయన పేరేంది?" అంటే మాత్రం ఉలకదు, పలకదు. తండాలో ఎనభై ఇండ్లు. ఆమె ఫోనులో చార్జింగ్ అయిపోతోంది. "బండోళ్లు ఎవరి ఇల్లని అడగాలె? చెప్పవేందమ్మా?" అని కసిరాను. ఏడుస్తూ చెప్పింది. ఆ వెంటనే ఫోను ఆగిపోయింది.

బండిని పంపాను. అంతలో ఇంకో కాల్. మా పనే అంత అక్కా, మొదలు వింటాం, చివర వినం.

పేరు పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడు నువ్వే చెప్పావు. రేషన్ దుకాణంలో బావ పేరు అడిగితే నన్ను ముందుకు తోసేదానివి. ఆ మనిషి బతకకపోతే, పేరు పలికినందుకే పోయాడని ఆమె బతికినన్నాళ్లూ ఏడుస్తుంది. పలికించింది నేను. ఈ పని మానేద్దామనుకుంటున్నాను.

నీ సుజాత

---

గూడూరు,
ఆగస్టు 23

సుజా,

ఉత్తరం అందింది. కురవి వీరన్నకు మొక్కుకున్నాను, ఆమె ఇంటాయన కోసం. నీ కోసం కూడా.

అంగడి నాడు తండాల వాళ్లంతా వస్తారు. అడుగుతాను. అప్పటిదాకా పని మానేస్తానని ఏ కాగితమూ రాయకు. వేళకు తిను.

మీ అక్క

---

హైదరాబాద్,
ఆగస్టు 28

అక్కా,

అడగొద్దు. ఆయన పోయాడని తెలిస్తే ఆ దిగులు జన్మంతా మోయాలి. తెలుసుకోకుండానే వెళ్లిపోతాను. కాగితం రాసి బ్యాగులో పెట్టుకున్నాను, వచ్చే శుక్రవారం ఇస్తాను.

ఒకటి చెప్పు. బావ పోయిన ఏడాదికే నేను ఈ పనిలో చేరాను. మంచిదని గాని, వద్దని గాని నువ్వొక్క మాట అనలేదు. ఎందుకు?

సుజాత

---

గూడూరు,
సెప్టెంబరు 3

సుజా,

పోస్టులో వేస్తే శుక్రవారానికి అందదు. ఎదురింటి ఉపేందర్ పట్నం వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను.

నువ్వు వద్దన్నా అడిగాను. ఆమె పేరు రుక్కి. అంగడిలో మక్క కంకులు అమ్ముతోంది. పక్కన గొడుగు పట్టుకుని ఆమె ఇంటాయన చందూలాల్. చిక్కిపోయాడు గాని బేరం గట్టిగానే చేస్తున్నాడు.

ఆ రోజు వాగు పారుతోందట. బండి దాటలేదు. అందులోని ఇద్దరు స్ట్రెచర్ నెత్తిన పెట్టుకుని, మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి, చందూలాల్ ఇల్లు ఏదని అడుగుతూ వచ్చారు. ఎదురుపడ్డ మొదటి మనిషే చెయ్యి చూపాడు. మహబూబాబాద్ దవాఖానలో ఆరు రోజులున్నాడట.

"ఫోన్ల పిల్ల తిట్టిందట గద?" అన్నాను.

"తిట్టింది అక్కా. తిట్టకుంటే నా నోట్లకెల్లి గా పేరు ఎల్లునా?" అంది రుక్కి.

చందూలాల్ నవ్వాడు. "గా దినం పేరు వెట్టి పిలిచింది, గిప్పటిదాంక ఆపలేదు. కల్లు కాడ కూసున్నా ఇనవడుతది. గదొక్కటే తక్లీఫ్."

నీకోసం కంకులు ఇచ్చింది. ఉపేందర్ సంచిలో ఉన్నాయి.

ఇక నువ్వడిగినదానికి. బావ పడిపోయిన పొద్దున నేనూ నూటెనిమిదికి చేశాను, ఉపేందర్ లోపల బావను పట్టుకుని ఉంటే అతని ఫోనులో. అవతలి అమ్మాయి నిదానంగా పేరు అడిగింది. "మా ఇంటాయన" అన్నాను. మళ్లీ అడుగుతుంటే ఫోను అరుగు మీద పెట్టేసి లోపలికి పరుగెత్తాను. ఆమె తప్పేమీ లేదు. బండి తొందరగానే వచ్చింది. ఎవరి ఇల్లో తెలియక ఊళ్లో రెండు చుట్లు తిరిగింది. ఉపేందర్ ఎదురుపోయి తెచ్చేసరికి ఆలస్యమైంది. చెప్పి ఉంటే బతికేవాడా, దేవుడికే తెలుసు. ఆయన ఆయుష్షు కాపాడాలనే నోరు మూసుకున్నాను.

అందుకే నీ పని గురించి నాకు మాట రాలేదు. ఇప్పుడు అంటున్నాను, మంచి పని.

బ్యాగులోని కాగితం చింపెయ్. రేపు ఇంకెవరైనా ఇంటాయన అని ఊరుకుంటే, కసురు.

ఇట్లు,
రాజమల్లు భార్య వసంత