ఫిజిక్స్ మేడమ్‌నని చెప్పలేకపోయాను

మంగళవారం, రాత్రి

పిన్నిని రేడియేషన్‌కి గుంటూరు తీసుకెళ్ళాను. మెషీన్ గది బయట ఒకమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని, కిరణాలు ఎటునుంచి ఎంత పడాలో లెక్క వేస్తోంది. డాక్టరనుకుని, అదే అడిగాను.

"కాదండీ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఈ డోసు లెక్కల కోసం ఇంకో కోర్సు చేశాను. ఎప్పట్నుంచో ఉన్న కోర్సేనండీ. మీరేం చేస్తారండీ?"

"టీచర్ని" అన్నాను. డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా ఫిజిక్సే చెబుతున్నానని చెప్పలేకపోయాను. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని నాకే తెలియదు.

బస్సులో దారంతా నా స్టూడెంట్ సునీతే గుర్తొచ్చింది. క్లాసులో దానంత చురుకైన పిల్ల లేదు. బీఎస్సీ అయ్యాక, మిరప కోతల నుంచి నేరుగా వాళ్ళమ్మ నా దగ్గరకొచ్చింది.

"ఇంకా చదివిస్తే పిల్లకి ఉజ్జోగం వచ్చిద్దా మేడమ్?"

"ఫిజిక్స్‌లో ఏముందమ్మా? టీచరు పోస్టులే లేవు" అన్నాను. నా మాట మీద చదువు మాన్పించింది. సునీత ఇప్పుడు చీరాలలో బట్టల కొట్లో పనిచేస్తోంది.

ఇంటికి రాగానే దానికి ఫోన్ చేసి, ఆ ఉద్యోగం సంగతంతా చెప్పాను.

"నేను చదివేటప్పుడు ఇది లేదా మేడమ్?"

"లేదమ్మా, ఈమధ్యే వచ్చింది."

"అయితే మీరు మాత్రం ఏం చేస్తార్లెండి" అని నన్నే ఓదార్చింది.

ఆ రోజు తెలియక అన్నానని సర్దిచెప్పుకోవచ్చు. ఇవాళ తెలిసే అన్నాను. నిజం చెబుదామని ఇందాక మళ్ళీ ఫోన్ తీశాను గానీ, దాని పేరు మీద వేలు పెట్టలేకపోయాను.