పేగులు చీల్చి చూడు

తమ్మీ,

గిన్నెలో రెండు చేపలున్నాయి. తోకకు దారం కట్టినది సముద్రపు నాచు పొడి కలిపిన కొత్త మేత తిన్నది, రెండోది మామూలు మేత తిన్నది. కోసేటప్పుడు దారం కట్టినదాని పేగు చీల్చి చూడు. పొడి చివరి దాకా అలాగే ఉంటే అరగడం లేదన్నమాట. వనపర్తిలో నేను ఆ మేత బస్తాలు కొనకముందే ఫోన్ చెయ్యి. అరగని మేత వేస్తే ఈ ఏడు మన కుంటలో చేప ఎదగదు.

నాయిన కృష్ణా నది ఒడ్డున కూర్చుని గోటితోనే పేగు చీల్చేవాడు. "ఇది రాత్రి పస్తున్నది బిడ్డా" అనేవాడు. మనం ముక్కు మూసుకొని ఉరికేవాళ్లం. వెనక నుంచి ఆయన నవ్వు వినిపించేది.

అక్క

నీకు అర్థం కాకపోతే కాలేదనే చెప్పు, ఊహించి చెప్పకు. నాయిన కూడా ఒక్కోసారి "తెల్వదు, రేపు ఇంకోటి పట్టి చూద్దాం" అనేవాడు. నువ్వు అట్లా చెప్తే నేను బస్తాలు కొనకుండా ఉత్త చేతులతోనే బస్సెక్కుతాను.